విమానశిక్షణమున మర్యాద

మేము విమానము నడపుట నేర్పుచుందుము. మాకు విమానము లేదు. మావద్ద నేర్చుకొనువారికిని లేదు. సాయంకాలము ఏడు గంటలకు వీథితలుపు మూసి, కంప్యూటరు ముందు కూర్చుండి, చెవులకు హెడ్‌ఫోను తగిలించుకొని, తెరమీది బేగంపేటలో బయలుదేరి తెరమీది చెన్నపట్టణమున దిగుదుము. ప్రయాణికుల విమానములు 2008లో శంషాబాదునకు తరలిపోయినను, మా తెరమీద బేగంపేట యింకను సందడిగనే యున్నది. ఈ పని పదునొకం డేండ్లుగా చేయుచున్నాము. విన్న మిత్రులలో కొందఱు నవ్వుదురు. కొందఱు మర్యాదకై నవ్వు నాపుకొందురు. మా యింటిలో ఆపుకొనువారు లేరు.

మావంటివారు కొందఱు కూడి యేర్పఱచుకొన్న సంఘమును వర్చువల్ ఎయిర్‌లైన్ అందురు. దానికి టిక్కెట్లు లేవు, జీతములు లేవు. కాలపట్టిక యున్నది, హోదా లున్నవి, పరీక్ష లున్నవి. ఎంత యింధనము కాలినదియు, చక్రములు నేల తాకునప్పుడు నిమిషమునకు ఎన్ని యడుగుల చొప్పున విమానము దిగినదియు తప్పక నమోదగును. గంటలు కూడినకొలది క్యాడెట్టు ఫస్టాఫీస రగును, ఫస్టాఫీసరు కెప్టె నగును. 2001లో నేర్పడిన వాట్సిమ్ అను ప్రపంచజాలమున చేరినచో, ఎచ్చటనో తన యింట కూర్చున్న యొక స్వచ్ఛందసేవకుడు కంట్రోలరై మనకు అనుమతు లిచ్చును. మా సంఘమువారికి డకోటా విమానములపై మక్కువ. డక్కన్ ఎయిర్‌వేస్ వారు 1953లో ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో కలిసిపోవువఱకు బేగంపేటనుండి నడపినవి అవియే. ఆ విమానమున కంప్యూటరు లేదు గనుక నేర్చుకొనువాడే ఆలోచింపవలెను.

ఆకాశమును నేలమీద నేర్పుట నేటి చోద్యము కాదు. అమెరికాలో బింగ్‌హాంటన్ పట్టణమున ఎడ్విన్ లింక్ అను నాతని తండ్రికి పియానోలు, ఆర్గనులు చేయు కర్మాగార ముండెను. ఆతడు 1929లో ఆ వాద్యముల తిత్తులతోనే, మన హార్మోనియము తిత్తులవంటివానితోనే, నేలమీద నూగులాడు నొక చిన్న విమానమును చేసెను. మొదట దానిని కొన్నవారు వినోదశాలలవారు. 1934లో అమెరికా సైన్యము తపాలాసంచులు మోయు పని చేపట్టి, మంచులో, మబ్బులో దారి తెలియని పైలట్లను వరుసగా పోగొట్టుకొన్న పిమ్మట ఆ యాటవస్తువులను ఆరింటిని కొనెను. రెండవ ప్రపంచయుద్ధమున లక్షలకొలది వైమానికులు దానిలోనే మబ్బులో నడపుట నేర్చిరి. నవ్వువారికి మే మిచ్చు సమాధాన మిది. ఇంటివారికిని చెప్పి చూచితిమి, ప్రయోజనము లేకపోయెను.

రెండేండ్ల క్రిందట పల్నాటినుండి యొక బాలిక మావద్ద చేరెను. తండ్రికి చిల్లరకొట్టు. నిజమైన లైసెన్సునకు లక్షలు కావలెను; అవి యా యింట లేవు. అందుచేత ఆమె వైమానికదళపు ప్రవేశపరీక్షకు చదువుకొనుచు, రాత్రులందు మావద్ద డకోటా నేర్చుకొనుచుండెను. చెక్‌లిస్టు ఒకసారి చెప్పిన చాలును, మఱునాటికి కంఠస్థము. మేము చెప్పినదానికి ఎన్నడు నెదురాడలేదు. మూడవమాసపు పత్రములో మేము "వినయవిధేయతలు శ్లాఘనీయములు" అని వ్రాసి పదికి పది వేసితిమి.

ఒకనాటి రాత్రి ఆమెయు మేమును ఒకే డకోటాలో, ఆమె తన యింటను మేము మా యింటను కూర్చుండి, విశాఖపట్టణమునకు పోవుచుంటిమి. ఇచ్చట కొంచెము పాఠము చెప్పక తప్పదు. ఆల్టిమీటరు నిజమునకు ఎత్తును కొలవదు. గాలి యొత్తిడిని కొలిచి దానిని ఎత్తుగా చెప్పును. పైన నెగురునప్పు డందఱును దానిని 1013 హెక్టోపాస్కళ్లకు పెట్టుకొందురు. దిగునప్పుడు ఆ యూరి నాటి యొత్తిడికి మార్చుకొనవలెను. నాడు బంగాళాఖాతమున వాయుగుండము. తెరమీది వాతావరణము నిజమైన వాతావరణమునే యనుసరించును. కంట్రోలరు 998 అని చెప్పెను. ఆమె యథావిధిగా తిరిగి పలికి తన యల్టిమీటరును సరిచేసికొనెను. మేము కాఫీగ్లాసు క్రింద పెట్టుచు మాదానిని మార్చుట మఱచితిమి. ఒక్కొక్క హెక్టోపాస్కలునకు ఇంచుమించు 28 అడుగులు. అనగా, మా ముల్లు చూపుచున్నదానికంటె విమానము నాలుగువందల యడుగులకు పైగా క్రింద నున్నది. చుట్టును మబ్బు. ఆ మబ్బులో విశాఖ కొండలు.

డకోటాలో ఇరువురికిని వేఱువేఱు ఆల్టిమీటర్లు. ఆమె రెంటిని చూచుచునే యుండెను. "మాస్టారూ, ఇవాళ ఒత్తిడి మరీ తక్కువగా ఉన్నట్టుందండీ" అనెను. "వాయుగుండం కదమ్మా" అంటిమి. కొంతసేపటికి, "ఇక్కడ కొండలు దగ్గరే అనుకుంటానండీ" అనెను. "విశాఖ అంటేనే కొండలు" అని మేము ఆ కొండలనుగూర్చి యుపన్యాసము ప్రారంభించితిమి. అది ముగియలేదు. తెర నల్లబడెను.

"నీ ఆల్టిమీటరు సరిగా ఉన్నదా?" అని యడిగితిమి. ఉన్నదనెను. "మరి చెప్పవేమమ్మా?" అంటిమి. కొంచెము సేపు హెడ్‌ఫోనులో ఏమియు వినబడలేదు. తరువాత, "రెండుసార్లు చెప్పానండీ" అనెను.

నిజమే. చెప్పినది. మన యిండ్లలో కోడలు మామగారికి చెప్పవలసినదానిని చంటిపిల్లవానికి చెప్పునట్లు, కచ్చేరీలో గుమాస్తా అధికారి తప్పును "తమరొక్కసారి చిత్తగించినచో" అని కాగితము చివర మడిచి పెట్టునట్లు చెప్పినది. ఇట్లు చెప్పుట యొక విద్య. దానిని చిన్ననాటనుండి నేర్పి, వినయమని పేరిడి, పదికి పది వేయుచున్నాము. వినువాడు ఊరకున్నప్పుడు ఆ మడత విప్పి చదువుకొనును. మబ్బులో దిగుచున్నవానికి ఆ తీరిక యెక్కడిది?

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. చనిపోయినవారు లేరు, కంప్యూటరు మరల వెలిగించిన విమానము మరల బేగంపేటలోనే యుండును. కాని మాకు అంతకు పూర్వము జరిగిన మఱియొక సంగతి జ్ఞాపకము వచ్చెను. చక్రములు దించవలసిన వేగము విషయమై మే మొకప్పుడు తప్పు చెప్పగా ఒక కుఱ్ఱవాడు నలుగురిలో "అది కాదు సార్" అనెను. మేము వానిని కసరితిమి. రాత్రి పుస్తకము తీసి చూడగా వాడు చెప్పినదే సరి. ఆ మాట వానితో చెప్పలేదు. నెల తిరుగకముందే వాడు సంఘము మానివేసెను. ఆ బాలికకు మౌనము నేర్పినది పల్నాడు గాని, తండ్రి గాని కాదు. వానిని కసరినప్పుడు ఆమెయు వినుచుండెను.

నిజమైన విమానములలో ఈ పాఠమునకు పెట్టిన వెల చెప్పనలవి కాదు. 1977 మార్చి 27వ తేదీన టెనెరిఫె ద్వీపమున మంచులో రెండు బోయింగ్ 747 విమానములు రన్‌వేమీద డీకొని 583 మంది మరణించిరి. అనుమతి లేకయే పరుగు తీసిన కె.ఎల్.ఎమ్. విమానపు కెప్టెను సామాన్యుడు కాడు. ఆ సంస్థలో 747 నడపుట నేర్పువారికి పెద్ద. వెనుక కూర్చున్న ఫ్లయిట్ ఇంజనీరునకు సందేహము కలిగెను. రెండవ విమానము రన్‌వే విడిచినదో లేదో అని యడిగెను. విడిచినదని కెప్టెను గట్టిగా చెప్పెను. ఇంజనీరు మరల అడుగలేదు. గురువుగారు చెప్పిరి గదా! ఇది మన దేశపు జబ్బు మాత్రమే యని యనుకొనువారు ఈ సంగతి గమనింతురు గాక. 1979లో అమెరికాలో నాసావారు ఈ విషయమునకై సభ చేసిరి. నాటినుండి క్రిందివాడు పైవానికి తప్పు చెప్పుటయు, పైవాడు దానిని వినుటయు విమానశిక్షణలో ఒక పాఠమైనది.

మేమును మా శిక్షణను మార్చితిమి. విమానములో పలుకవలసిన హెచ్చరికమాటలు "స్పీడ్" అనియు, "సింక్ రేట్" అనియు, "గో అరౌండ్" అనియు ఒకటి రెండు పలుకులలో ముందే నిర్ణయింపబడియున్నవి. ఇన్నాళ్లును వానిని బట్టీ పట్టించితిమే కాని వాని సొగసు గమనింపలేదు. ఆ మాటలలో "మీరు" లేదు, "నీవు" లేదు, "అండీ" చేర్చుటకు చోటు లేదు. కనుక పదునెనిమిదేండ్ల పిల్ల అఱువదేండ్లవానితో అనినను అమర్యాద కానేరదు. రెండుసార్లు చెప్పినను కెప్టెను పలుకకున్నచో విమానమును తానే తీసికొనవలె నన్న నియమమును కూడ పెట్టితిమి. ఇది మా కల్పన కాదు, నిజమైన పైలట్లు పాటించునదే. కడపటి పరీక్షలో శిక్షకుడు బుద్ధిపూర్వకముగా నొక తప్పు చేయును. దానిని పట్టి పలికినవారికే ఉత్తీర్ణత. ఇందులకు మా సంఘములోని పెద్దలలో నొకరు "పిల్లలకు పెద్దల తప్పులు పట్టుట నేర్పెదరా?" అని కోపించి, ఆ నెల పరీక్షకు రాలేదు. ఆయన మంచివారు. వారి విద్యార్థులు మిక్కిలి వినయవంతులు.

ఆ బాలిక పరీక్ష గన్నవరమున జరిగెను. మేము చేయదలచిన తప్పును కాగితముమీద వ్రాసి ప్రక్కన పెట్టుకొంటిమి: చివరి మలుపు ఆలస్యముగా తిరుగుట. కాని మలుపుకంటె ముందే, కృష్ణానది దాటుచుండగా, ఆమె "స్పీడ్" అనెను. మేము వినలేదు. కాగితమువైపు చూచుచుంటిమి. "స్పీడ్" అని మరల అనెను. ఈసారి గొంతు హెచ్చెను. ముల్లు చూచితిమి. వేగము నిజముగనే పడిపోవుచుండెను. ఆ తప్పు మే మనుకొన్నది కాదు. మా చేయి కదలకముందే "గో అరౌండ్!" అను కేకయు, థ్రాటిల్ ముందునకు పోవుటయు ఒక్కసారే జరిగినవి.

ఆ కేకకు హెడ్‌ఫోనులో, దూరమునుండి, ఆమె తండ్రి గొంతు వినబడెను. "ఎవరిమీదే ఆ అరుపులు?"

"మాస్టారి మీద నాన్నా. ఒక్క నిమిషం" అనెను.

రెండవసారి దిగినప్పుడు చక్రములు నిమిషమునకు 180 అడుగుల చొప్పున నేల తాకినట్లు నమోదైనది. కాగితముమీది తప్పు చేయుటకు మఱచియే పోతిమి. అది యింకను మా బల్లమీద నున్నది. వచ్చువారము గుంటూరు కుఱ్ఱవాని పరీక్షకు పనికివచ్చును.