కూతుళ్ల వైపు నుంచి

ఆ పాత ఫొటోలో నా చూపు ముందు జాకీ మీదే ఆగుతుంది. 1973 జూన్ 9, న్యూయార్క్ బెల్మాంట్ పార్క్‌లో బెల్మాంట్ స్టేక్స్ పందెం. సెక్రటేరియట్ అనే గుర్రం మీద వంగిన రాన్ టర్కాట్ తల ఎడమకు తిప్పి ఉన్నాడు. చూస్తున్నది మరో గుర్రాన్ని కాదు, అవన్నీ ఎక్కడో వెనకబడ్డాయి. అతని చూపు గడియారం మీద ఉంది. మైలున్నర దూరం, 2 నిమిషాల 24 సెకన్లు. రెండో గుర్రం 31 లెంగ్తుల (గుర్రం పొడవుల) వెనక. ఆ రికార్డు నేటికీ చెక్కుచెదరలేదు.

అప్పటికి సెక్రటేరియట్ వయసు మూడేళ్లే. ఆ ఏడాది చివరికే పరుగు ఆగిపోయింది. కెంటకీలోని క్లెయిబోర్న్ ఫామ్‌కు చేరింది. మూడు పెద్ద పందేల ట్రిపుల్ క్రౌన్ గెలవకముందే 60 లక్షల డాలర్లకు పైగా వెల కట్టారు. అచ్చం దానిలాంటి కొడుకు పుడతాడని అందరికీ ఆశ. కొడుకుల్లో రిజెన్ స్టార్ లాంటి మేటి గుర్రాలు లేకపోలేదు, కానీ తండ్రిని అందుకున్నది ఒక్కటీ లేదు. పాపం, ఏ పిల్ల మాత్రం మోయగలదు ఆ 31 లెంగ్తుల బరువు?

1989లో గిట్టల జబ్బుతో అది కన్నుమూసింది. గుండె మామూలు గుర్రాలకు రెండింతలు ఉందని పశువైద్యుడి అంచనా.

వంశం నిలిచింది మాత్రం కూతుళ్ల వల్ల. టెర్లింగ్వా అనే కూతురికి స్టార్మ్ క్యాట్ పుట్టింది. మరో కూతురు వీకెండ్ సర్‌ప్రైజ్‌కు పుట్టిన ఏపీ ఇండీ 1992లో అదే బెల్మాంట్ పందెం గెలిచింది. తాత పేరు ఎరిగినవాళ్లలో ఈ తల్లుల పేర్లు ఎందరికి తెలుసో! నాకైతే ఇప్పుడు వాటి గురించే ఇంకా చదవాలని ఉంది.