మా అల్లుడి ట్యాంకు

స్కూటరు కొన్నవాడికి అద్దాల మీద మోజు, కారు కొన్నవాడికి సీటు కవర్ల మీద మోజు. డీజిలు పికప్పు కొన్నవాడికి ట్యాంకు మీద మోజు పుడుతుందని మాత్రం నాకు అమెరికా వెళ్ళాకే తెలిసింది.

మా అమ్మాయీ అల్లుడూ ఉండేది టెక్సాస్‌లోని శాన్ ఆంటోనియోలో. పికప్పంటే మన దగ్గర టమాటా బుట్టలు మోసే బండే కదా అనుకునేరు! అక్కడ ముందు భాగం మన డ్రాయింగు రూములా ఉంటుంది. వెనక తొట్టి ఉంటుంది. అదీ చాలకపోతే సామాన్ల ట్రైలరొకటి తగిలించుకుంటారు. మా వాళ్ళది 2015 మోడలు, పొట్టి తొట్టి రకం. దాని ట్యాంకులో పట్టేది 26 గాలన్లు, అంటే సుమారు 98 లీటర్లు. "చాలదా నాయనా?" అన్నాను. "ట్రైలరు తగిలిస్తే గాలనుకి పదకొండు మైళ్ళే వస్తుందత్తయ్యగారూ. నాలుగు గంటలకోసారి ఆగాలి. ట్రైలరుతో బంకులో మలుపు తిరగడం ఎంత కష్టమో మీకు తెలీదు" అన్నాడు. ఏ మాటకా మాటే చెప్పుకోవాలి, అందులో నిజం ఉంది. ఆ పొడవాటి బండిని చిన్న బంకులో తిప్పడమంటే ఇరుకు వంటింట్లో బీరువా తిప్పినట్టే.

సరే, 50 గాలన్ల ట్యాంకు వచ్చింది. దళసరి ప్లాస్టిక్కుది, మా పాత ఇంటి గాబంత ఉంది. పాతది తొట్టి కింద చట్రానికి ఇనప పట్టీలతో వేలాడుతూ ఉండేది. నూనె దాదాపు అయిపోయేదాకా బండి నడిపి, స్నేహితుణ్ణి పిలుచుకుని, ఒక శనివారమంతా బండి కింద వెల్లకిలా పడుకుని మార్చాడు. పాత ట్యాంకులోని పంపునే తీసి కొత్తదానికి బిగించారు. అంత నూనె కాళ్ళ కిందేమిటని నేను భయపడితే, పెట్రోలులా డీజిలు మామూలు వేడికి అంటుకునే ఆవిరి వదలదనీ, 52 డిగ్రీలు దాటితేగాని ఆ పని చెయ్యదనీ ధైర్యం చెప్పాడు. టెక్సాస్ ఎండలు చూసినదాన్ని, ఆ ధైర్యం నాకు సగమే వచ్చింది.

అన్నట్టు ఈ బండికి యూరియా కూడా పోస్తారు, తెలుసా! మన వరిచేలకు చల్లే యూరియాయే, నూటికి 32.5 పాళ్ళు శుద్ధమైన నీళ్ళలో కలిపి వేరే చిన్న ట్యాంకులో పోస్తారు. పొగలోని విషం తగ్గుతుందట.

పెరిగిన 24 గాలన్ల బరువు లెక్క కడితే 77 కిలోలు దాకా తేలింది. అంటే మా వారి కంటే బరువైన మనిషి ఒకడు ఎప్పుడూ బండి కింద కూర్చుని మాతో వస్తున్నట్టే. అయినా నన్ను బెంగపెట్టింది ఆ బరువు కాదు.

మగవాళ్ళు బండి ఆపేది బండి ఆకలికే గాని మనుషుల అవసరానికి కాదు. నాలుగు గంటలకోసారి బంకు దగ్గర ఆగితే, ఆడది నోరు విప్పి అడగకుండానే దిగి వెళ్ళి రావచ్చు. ఆ బంకే ఎనిమిది గంటలకి జరిగిపోయింది! గుంటూరులో హైదరాబాదు బస్సెక్కే రోజున పొద్దుటి కాఫీ మానేసిన వాళ్ళం మనం. పక్కవాళ్ళు మంచినీళ్ళిస్తే "దాహం లేదండీ" అని అబద్ధమాడిన వాళ్ళం. అలా బిగపట్టుకుని మూత్రంలో మంట తెచ్చుకుని డాక్టరు చేత చివాట్లు తినని ఆడది మన ఇళ్ళలో ఉందా, మీరే చెప్పండి. అందులోనూ అల్లుడి ముందు ఈ మాట ఎలా ఎత్తడం?

మా అబ్బాయికి ఎల్ పాసోలో ఉద్యోగమైతే సామాను చేరవెయ్యడానికి బయలుదేరాం. పదో నంబరు రహదారి ఒక్క టెక్సాస్‌లోనే 880 మైళ్ళు. మేం వెళ్ళాల్సింది 550. ఊళ్ళు పోయి, చెట్లు పోయి, తుప్పలూ బల్లపరుపు కొండలూ మిగిలాయి. మధ్యలో "పిక్నిక్ స్థలం" అని బోర్డు కనబడితే ప్రాణం లేచొచ్చింది. తీరా చూస్తే బల్లలున్నాయి, నీడ ఉంది, మరుగుదొడ్డి లేదు. ఈ ఏర్పాటు చేసినది తప్పకుండా మగవాడే అయ్యుంటాడు.

మూడు గంటలయింది. అల్లుడు మీటరు చూసి మురిసిపోతూ, "అత్తయ్యగారూ, ఇక వాన్ హార్న్ దాకా ఆగక్కర్లేదు!" అన్నాడు. అంటే ఇంకో రెండు వందల పైచిలుకు మైళ్ళు. మా అమ్మాయి వంక చూశాను. అది పాప ఒళ్ళో పడుకుంటే కదలకుండా, కిటికీలోంచి అదోలా చూస్తోంది. తల్లి పెంచిన పిల్లే మరి, అదీ అడగదు. రేపు ఆ పాపా ఇలాగే కూర్చుంటుందనిపించింది.

"బాబూ, వచ్చే ఊళ్ళో ఆపండి. బండికి అక్కర్లేదు గాని మాకు కావాలి" అన్నాను.

"అయ్యో, ముందే చెప్పకూడదా అత్తయ్యగారూ!" అని ఓజోనాలో రోడ్డు దింపాడు. ఆ నిమిషానే మా అమ్మాయి ఫోనులో రెండు గంటలకోసారి గంట మోగేలా పెట్టేసింది. ఎల్ పాసో చేరేలోగా అది మరి మూడుసార్లు మోగింది, మూడుసార్లూ ఆగాం.

ఓజోనాలో తలుపు తెరుచుకోగానే అందరికంటే ముందు గబగబా నడిచి వెళ్ళింది మాత్రం, చక్కెర జబ్బున్నా అంతసేపూ కిక్కురుమనకుండా కూర్చున్న మా వారే.