పసివాని యేడుపు

మాటలురాని బిడ్డకు ఏడుపే మాట. ఒక రాత్రి మేమా మాటను పెడచెవిని బెట్టితిమి.

మా రెండేండ్ల బాలుడు అరుగుమీదనుండి పడగా మోచేతికి పైయెముక విరిగెను. గట్టిగా కట్టు కట్టించి యింటికి దెచ్చితిమి. నొప్పికి మందిచ్చినకొలది యేడుపు హెచ్చెనే కాని తగ్గలేదు. మేము మంకుతన మనుకొంటిమి. అత్తగారు దిష్టి తీసిరి. వాని వ్రేళ్లను మెల్లగా సాచబోగా కెవ్వుమని యరచినప్పుడు గాని మాకు భయము పుట్టలేదు.

అర్ధరాత్రమే వైద్యశాలకు గొనిపోతిమి. వైద్యులు తక్షణమే కట్టు విప్పిరి. అంతటితో తీరకపోగా ముంజేతిని శస్త్రముతో కోసి, కండరములపై పొరను చీల్చిరి. ఆ పొర సాగునది కాదట. లోన వాపు పెరిగినచో ఒత్తిడివలన కండకు నెత్తు రందదు. సుమారు 6 గంటలు మించినచో కండ చచ్చి, చేయి శాశ్వతముగా ముడుచుకొనిపోవచ్చును. బిగికట్లవలన నిట్టి యవిటితనము కలుగుటను జర్మను శస్త్రవైద్యుడు ఫోల్క్‌మన్ 1881లోనే వివరించెను. నాడి యాడుచున్నదని ధైర్యపడరాదు. నాడి యాడుచుండగనే కండ చెడవచ్చును.

కావున కట్టుగల బిడ్డ మందునకును ఊరడిల్లక యేడ్చుచున్నచో తెల్లవారువరకు వేచియుండకుడు. వెంటనే వైద్యునికి జూపుడు.

మా బాలుని ముంజేతిపై పొడుగాటి మచ్చ మిగిలినది. ఆ చేతితోనే వాడిప్పుడు ఓనమాలు దిద్దుచున్నాడు.