ద్రష్ట, దృశ్యము, నడుమ ఒక కెమెరా

మా నకిరేకల్ నుండి నల్లగొండ, దేవరకొండ, డిండి మీదుగా మన్ననూరు చేరితే అమ్రాబాద్ పులుల అభయారణ్యం ఆరంభమవుతుంది. దాని విస్తీర్ణం 2,611 చదరపు కిలోమీటర్లు. బాల్యంలో నాన్నగారితో శ్రీశైలయాత్రకు పోయినప్పుడు బస్సు కిటికీలోంచి చూసిన అడవి ఇదే. గ్లాకోమా వల్ల ఆయనకు చూపు పోయి నాలుగేళ్లయింది.

ఫరహాబాద్ సఫారీకి బయలుదేరే ముందు పక్షం రోజులు లెన్సు చింతనలోనే గడిచాయి. 150–600 మి.మీ. లెన్సుపై మనస్సు లగ్నమైంది. బరువు సుమారు రెండు కిలోలు, వెల నా శక్తికి మించినది. అపరిగ్రహాన్ని గూర్చి వ్యాసాలు వ్రాసేవాడికి ఇంత మమకారమా అని సిగ్గుపడి, 70–300తో తృప్తిపడ్డాను. ఏపీఎస్-సీ సెన్సరుపై అది దాదాపు 450 మి.మీ. లెన్సు చూపేంత దృశ్యాన్నే చూపుతుంది. జీపులో ట్రైపాడ్‌కు చోటుండదు. బియ్యం నింపిన గుడ్డసంచిని కడ్డీ మీద వేసి లెన్సును ఆనించాలి. ఇంజను ఆపించకుంటే ఆ సంచీ వ్యర్థమే.

ఉషఃకాలపు మసక వెలుగులో ఒక కణుజు కనబడింది. ముప్పైకి పైగా ఛాయాచిత్రాలు తీశాను.

ఇంటికి రాగానే నాన్నగారు, "అడవిల ఏం జూసినవురా?" అన్నారు.

"కణుజును, నాన్నా."

"అరిచిందా? ఎట్లరిచింది?"

అరిచింది, నిశ్చయంగా అరిచింది. కాని ఆ క్షణాన నేను ఐఎస్ఓ సంఖ్యను 800 నుండి 1600కు మారుస్తున్నాను. రూపానికి నేత్రం ద్రష్ట, నేత్రానికి మనస్సు ద్రష్ట, మనస్సుకు సాక్షి ద్రష్ట అని దృగ్దృశ్యవివేకం బోధిస్తుంది. కెమెరా నిస్సంశయంగా దృశ్యకోటిలోనిదే. నేను దానిని ద్రష్ట ఆసనంపై కూర్చోబెట్టి, నేను మాత్రం దాని పరిచారకుణ్ణయ్యాను. చూపులేని తండ్రికి ముప్పై చిత్రాలు తెచ్చిన కుమారుణ్ణి!

వర్షాకాలానికి ముందే మళ్లీ వెళ్లాను. గేటు వద్దనే షట్టరు వేగాన్ని సెకనులో వెయ్యోవంతుకు నిలిపి, ఐఎస్ఓను ఆటోలో పెట్టి, ఇక మీటలు ముట్టరాదని నియమం పెట్టుకున్నాను. జంతువు కనబడిన తొలి నిమిషం కెమెరా ఒడిలోనే ఉండాలి. ఈసారి కణుజు పొదల చాటునే నిలిచింది; ఒక్క చిత్రమూ రాలేదు. అరుపు మాత్రం రెండుసార్లు విన్నాను.

ఆ రాత్రి నాన్నగారి మంచం పక్కన కూర్చుని ఆ ధ్వనిని అనుకరించాను. ఆయన కాసేపు విని తల అడ్డంగా ఊపారు.

"గట్ల గాదు. ఇంకింత లోతుంటది. మల్లొక్కసారి అను."