పాలు పొంగిన రోజు

మొన్న మనవరాలు ఇంగ్లీషు పుస్తకం చదువుతూ, "తాతా, మై కప్ రన్నెత్ ఓవర్ అంటే చాయ్ ఒలికిందనా?" అని అడిగింది. నవ్వొచ్చింది.

ఆ మాట బైబిల్లో 23వ కీర్తనలోది. 1611లో అచ్చయిన కింగ్ జేమ్స్ బైబిల్ నుంచి ఇంగ్లీషు వాళ్ల నోళ్లలో నానింది. అక్కడ దేవుడు అతిథికి విందు పెట్టి, తలకు నూనె రాసి, గిన్నె పొర్లేలా పోస్తాడు. కావలసినదాని కన్నా ఎక్కువే దొరికిందని కృతజ్ఞత అన్నమాట.

మనమేమో "నిండు కుండ తొణకదు" అంటాం. చిట్గుప్పలో మా పక్కింటి కన్నడం వాళ్లదీ అదే సామెత: "తుంబిద కొడ తుళుకువుదిల్ల". మా అమ్మ అట్లాగే బతికింది. 1956లో బీదర్ జిల్లా మైసూరు రాష్ట్రంలో కలిసింది. చుట్టాలంతా అటు ఆంధ్రప్రదేశ్‌లో, మేమిటు. అమ్మ ఒక్క మాట అనలేదు.

తర్వాత ఇక్కడే సొంతిల్లు కట్టుకున్నాం. గృహప్రవేశం నాడు పాలు పొంగి పొయ్యి మీద పడ్డాయి. అమ్మ కళ్లల్లో నీళ్లు. "ఇగ మనూరు ఇదేరా" అంది.

"చాయ్ ఒలకడం కాదమ్మా, పాలు పొంగడం" అని మనవరాలికి చెప్పాను.