మా కంప్యూటర్ జాతకం

మా ఇంట్లో అందరి భవిష్యత్తూ ఖరారైపోయింది. అమ్మాయి పెళ్లి చేసుకుని బెంగళూరులో స్థిరపడింది. నాకు నెలనెలా పింఛను వస్తోంది. మా ఆవిడ మోకాళ్ల సంగతి డాక్టరు తేల్చి చెప్పేశాడు. ఆఖరికి పెరట్లో కొబ్బరిచెట్టు కూడా కరెంటు తీగెలకి తగులుతోందని దానికీ తీర్పు వచ్చేసింది. ఎటూ తేలనిది ఒక్క కంప్యూటర్ భవిష్యత్తే.

అది నాచారంలో మా ముందుగదిలో, టీవీకీ చెప్పుల స్టాండుకీ మధ్య ఉంటుంది. 2002 దసరాకి కొన్నాం. ఆ రోజుల్లో మధ్యతరగతి ఇళ్లలో కంప్యూటరంటే అసెంబుల్డ్ కంప్యూటరే. ఎముకలొక చోట, కండలొక చోట తెచ్చి ప్రాణం పోసేవాళ్లు. దానికి పుట్టినిల్లు సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్. చీటీ పాడగా వచ్చిన ఇరవై నాలుగు వేలు చొక్కా లోపలి జేబులో పెట్టుకుని అక్కడికి వెళ్లాను. షాపు కుర్రాడు ఏ వస్తువు ధర చెప్పినా ‘ఇంకాస్త తక్కువలో లేదా బాబూ’ అని అడిగాను. ఏడోసారి అడిగేసరికి ఆ అబ్బాయి చాలా మర్యాదగా, ‘అంకుల్, ఇంతకన్నా తక్కువలో అంటే క్యాలిక్యులేటరే’ అన్నాడు. అలా కుదిరిన సంబంధం మాది. సెలెరాన్ ప్రాసెసర్, 128 ఎంబీ ర్యామ్, 20 జీబీ హార్డ్‌డిస్క్, 15 అంగుళాల మానిటర్. ఇప్పుడు మనవరాలి డాన్సు అంటూ అమ్మాయి పంపే వీడియో ఒక్కటి చాలు, ఆ ర్యామ్ నిండి పొర్లిపోవడానికి.

దాన్ని ఇంటికి తెచ్చిన వైభవం మాత్రం చెప్పుకోవాలి. ఆటోలో మానిటర్‌ని పసిబిడ్డలా ఒళ్లో కూర్చోబెట్టుకున్నాను. మెట్టుగూడ దగ్గర గుంట వచ్చినప్పుడల్లా ‘నిదానం బాబూ’ అంటూనే ఉన్నాను. తార్నాక దాటాక డ్రైవర్ వెనక్కి తిరిగి, ‘సార్, లోపల ఎవలన్న ఉన్నరా?’ అని అడిగాడు. హబ్సిగూడలో ఎడమకి తిరిగి మా వీధిలోకి వచ్చేసరికి మా ఆవిడ హారతిపళ్లెంతో గుమ్మంలో నిలబడి ఉంది. పెళ్లయిన కొత్తలో నాకు కూడా అంత ఘనంగా హారతి పట్టలేదని అప్పుడే గుర్తొచ్చింది.

తర్వాత వైభోగమంతా మామూలే. అమ్మాయి ఎంసెట్ ఫలితాలు అందులోనే చూశాం. ఇంటర్నెట్ పెడితే ఫోను పలికేది కాదు, ఫోను ఎత్తితే ఇంటర్నెట్ పోయేది. మానిటర్ ఆన్ చెయ్యగానే ‘ధన్’మని ఓ చప్పుడు వచ్చేది. ఉప్పల్ రోడ్డులో ఉన్న ఎన్‌జీఆర్‌ఐ వాళ్ల భూకంపాల యంత్రాల్లో అది ఎక్కడ నమోదవుతుందోనని మా నాన్నగారు హాస్యమాడేవారు.

అందులో ఉన్న విండోస్ 98కి కంపెనీ 2006 జులైలో నీళ్లొదిలేసింది. కొన్నాళ్లకి మా కంప్యూటరూ మొరాయించింది. ఆన్ చేస్తే నల్లతెర మీద నాలుగు లైన్లు చదువుతుంది, గుమ్మం దాకా వచ్చిన చుట్టంలా ఆగుతుంది, నీలం రంగు పులుముకుని పడుకుంటుంది. మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్లంత బ్యాటరీ ఒకటి ఉంటుంది. కరెంటు లేనప్పుడు కూడా గడియారం నడిపించడం దాని పని. అది ఎండిపోయాక మా కంప్యూటర్లో తారీఖు ఎప్పుడు చూసినా 2002 జనవరి 1. బయట తెలంగాణ వచ్చింది, ఉప్పల్ మీదుగా మెట్రో వచ్చింది, పెద్ద నోట్లు పోయాయి, కరోనా వచ్చివెళ్లింది. అది మాత్రం తనని ఇంకా కొననైనా కొనలేదనుకుంటోంది. అలాంటిదానికి భవిష్యత్తు గురించి ఎవరు నచ్చచెప్పగలరు?

ఊరికే కూర్చుందా అంటే అదీ లేదు. కీబోర్డు సొరుగులో కరెంటు బిల్లులు, శుభలేఖలు ఉంటాయి. సీపీయూ మీద మా ఆవిడ మోకాళ్ల తైలం సీసా ఉంటుంది. పాత చీరతో కుట్టిన ముసుగు మానిటర్‌కి ఏడాది పొడవునా ఉంటుంది. ఆయుధపూజ నాడు ముసుగు తీసి బొట్టు పెడతారు. మాలో ఇంతగా పూజలందుకుంటూ ఏ పనీ చెయ్యనిది అదొక్కటే (నన్ను కూడా కలపాలంటుంది మా ఆవిడ).

ఇక దాని భవిష్యత్తు సంగతికి వస్తాను. మొదటి దారి మీకూ తెలుసు. వారానికి రెండుసార్లు మైకు పెట్టుకుని ట్రాలీ ఆటో వస్తుంది. పాడైపోయిన ఫ్రిజ్‌లు, కూలర్లు, కంప్యూటర్లు కొంటామని రికార్డు మోగుతూంటుంది. ఓసారి అతన్ని పిలిచాను. సీపీయూని పుచ్చకాయలా తట్టి చూశాడు. ‘నాలుగొందలిస్త సార్. టీవీ డబ్బా మాత్రం నాకొద్దు. దాంట్ల ఏం రాదు’ అన్నాడు. అది టీవీ కాదు మానిటర్ అన్నాను. ‘ఏదైతేంది సార్, గాజే గదా’ అన్నాడు. నిజమే, అది గాజే. మామూలు గాజు మాత్రం కాదు. పాతకాలం మానిటర్లలో ఎక్స్ కిరణాలు మన మీదికి రాకుండా గాజులో సీసం కలిపేవాళ్లు. పగలగొట్టి పారేస్తే అది మట్టిలోకీ నీళ్లలోకీ చేరుతుంది. నాచారం పెద్ద చెరువుకి ఇప్పటికే ఉన్న కష్టాలు చాలు. ఇలాంటి చెత్తకోసం మన దేశంలో ప్రత్యేకంగా నిబంధనలు కూడా ఉన్నాయి. 2012 మే నుంచి అమల్లోకి వచ్చాయి, 2023 ఏప్రిల్ నుంచి కొత్తవి వచ్చాయి. వాటి ప్రకారం అనుమతి ఉన్న రీసైక్లింగ్ వాళ్లకే ఇవ్వాలి. 

ఈ మాటల్లోనే అందులో బంగారం కూడా ఉంటుందని నోరుజారాను. టన్ను గని రాయిలో దొరికే బంగారం కన్నా టన్ను కంప్యూటర్ బోర్డుల్లో దొరికేది చాలా రెట్లు ఎక్కువ. కోలారు గనులు గిట్టుబాటు కాక 2001లో మూతపడ్డాయని కూడా చెప్పాను. మా ఆవిడ ఆ రాత్రి ముసుగు తీసి కంప్యూటర్ని తుడిచింది. మర్నాడు ‘మనదాంట్లో ఎంతుంటుందండీ’ అంది. మిల్లీగ్రాముల లెక్క, ముక్కుపుడకక్కూడా చాలదన్నాను. తైలం సీసా మళ్లీ సీపీయూ మీదికి చేరింది.

రెండో దారి నాకు ఇష్టమైనది. ఓపిక పడితే పాతదే పెన్నిధి. 1976లో 666 డాలర్ల 66 సెంట్లకి అమ్మిన ఆపిల్-1 కంప్యూటర్ ఒకటి 2014లో వేలంలో 9,05,000 డాలర్లు పలికింది. కొన్నది ఫోర్డ్ మ్యూజియం. అదే లెక్కన 2040 నాటికి మాది ఎంత పలకాలో కాగితం మీద వేసి అమ్మాయికి ఫోన్లో చదివి వినిపించాను. ‘నాన్నా, వాళ్లు చేసినవే కొన్ని వందలు. మనలాంటివి సికింద్రాబాద్‌లో రోజుకి వందలు బిగించేవాళ్లు’ అంది. చదువు చెప్పిస్తే ఇదే ఇబ్బంది.

పోనీ సాలార్‌జంగ్ మ్యూజియంలో ఆ సంగీత గడియారం పక్కన పెట్టించవచ్చు. అది గంటగంటకీ కాలం చెబితే, మాది ఎన్ని గంటలైనా ఒకే కాలం చెబుతుంది. లేకపోతే మా నాచారంలోనే ఎన్టీ రామారావు గారు పెట్టిన రామకృష్ణ స్టూడియో ఉంది. 2002 నాటి ప్రేమకథలు తీసేవాళ్లకి అద్దెకివ్వచ్చు. రోజుకి ఎంత అడగాలన్న దగ్గర నాకూ మా ఆవిడకీ పేచీ వచ్చి ఆ ప్రయత్నం ఆగిపోయింది.

నిజానికి కంప్యూటర్లకి మా తూర్పు హైదరాబాద్ కొత్తేమీ కాదు. మల్లాపూర్ మీదుగా వెళ్తే ఈసీఐఎల్ ఎంతో దూరం లేదు. అయ్యగారి సాంబశివరావు గారు 1967లో దాన్ని నిలబెట్టారు. పక్కనున్న ఏఎస్ రావు నగర్ ఆయన పేరుమీదే వెలిసింది. ట్రాంబేలో రూపుదిద్దుకున్న టీడీసీ-12 అనే కంప్యూటర్‌ని 1969లో బయటికి తెచ్చింది ఆ సంస్థే. టీవీలూ చేసింది. ఓటింగ్ యంత్రాలు ఇప్పటికీ చేస్తోంది. మా కంప్యూటర్‌ని కరిగిస్తే వచ్చే రాగి ఎప్పటికైనా ఓ ఓటింగ్ యంత్రంలోకి చేరదని ఎవరు చెప్పగలరు? మా ఇంట్లో ఇన్నాళ్లూ దాని ఓటు చెల్లలేదు కాబట్టి, ఆ జన్మలోనైనా పదిమంది వచ్చి దాని మీట నొక్కుతారని నా ఊహ.

మా మనవరాలు మాత్రం దాన్ని చేపల తొట్టి చేద్దామంది. వేసవి సెలవులకి వచ్చినప్పుడు మౌస్‌ని తిప్పి చూసి, ‘తాతయ్యా, దీనికి తోకుంది, కడుపులో గోలీ ఉంది, ఇది బతికే ఉందా?’ అని అడిగింది. ఆ గోలీ ఇప్పుడు బెంగళూరులో ఉంది.

ఇన్ని దారులున్నా అది గడప దాటకపోవడానికి కారణం మా నాన్నగారు.

ఆయన నల్గొండ జిల్లాలో హెడ్మాస్టరుగా రిటైరై మా దగ్గరికి వచ్చారు. ఈ ఇల్లు 1994-95లో ఆయన దగ్గరుండి కట్టించిందే. అప్పులూ చేబదుళ్లూ అన్నీ ఒక పొడుగాటి ఎర్రట్ట పుస్తకంలో రాసుకున్నారు. 2003లో అటక మీంచి దించి చూస్తే దానికి చెదలు పట్టి సగం పోయింది. మిగిలినదాన్ని కాపాడాలని డెబ్భయ్యో ఏట కంప్యూటర్ ముందు కూర్చున్నారు. అమ్మాయి వర్డ్‌లో అను ఫాంటు పెట్టిచ్చింది. రెండు చూపుడువేళ్లతో, అక్షరానికి ఒకసారి కళ్లజోడు సర్దుకుంటూ ఆర్నెల్లు కొట్టారు. ‘దీంట్లోకి చెదలు రాలేవురా’ అన్నారు, పూర్తయిన రోజున. 2008లో ఆయన పోయారు. అప్పటికే కంప్యూటర్ నీలం తెర దగ్గర ఆగిపోయి ఉంది.

మొన్న సంక్రాంతికి అమ్మాయి ఏడొందలు పెట్టి ఒక కేబుల్ కొనుక్కొచ్చింది. సీపీయూ విప్పి, హార్డ్‌డిస్క్ బయటికి తీసి, ఆ కేబుల్‌తో తన ల్యాప్‌టాప్‌కి తగిలించింది. నిద్రలేపిన ముసలాయనలా గుర్రుమంది గానీ తిరిగింది. ‘లెక్కలు’ అనే ఫైలు కనబడింది. తెరిస్తే తెరనిండా చుక్కలు, కొక్కేలు, ఇంగ్లిషు అక్షరాల ముక్కలు. ఒక్క తెలుగు అక్షరం లేదు. ఆనాటి ఫాంట్లు చేసిన గారడీ అదట. లోపల దాచుకునేది ఇంగ్లిషు సంకేతాలు, పైకి మాత్రం తెలుగు వేషం వేసి చూపించడం. ఆ ఫాంటు లేనిచోట వేషం ఊడిపోతుంది. ఇప్పుడు ఫోన్లలో మనం రాసుకునే యూనికోడ్‌లో ప్రతి తెలుగు అక్షరానికీ సొంత నంబరు ఉంటుంది. అందులో తెలుగుకి 1991లోనే చోటిచ్చారు గానీ, మా విండోస్ 98 దాకా ఆ కబురు అందలేదు.

మా ఇంటి నుంచి నాలుగు స్టాపులు వెళ్తే సీసీఎంబీ. హిమాలయాల్లో రూప్‌కుండ్ సరస్సు దగ్గర దొరికిన ఎముకల డీఎన్‌ఏ చదివి, వాళ్లలో కొందరు మధ్యధరా ప్రాంతంవాళ్లని 2019లో తేల్చిన శాస్త్రవేత్తల్లో అక్కడివాళ్లున్నారు. వందల ఏళ్ల నాటి ఎముకలు మాట్లాడుతున్నాయి. 2003లో మా నాన్నగారు రాసిన చేబదుళ్ల లెక్క మాట్లాడదు!

పాత ఫాంటుని యూనికోడ్‌లోకి మార్చే సాధనాలున్నాయని అమ్మాయి రాత్రంతా కూర్చుంది. తెల్లారేసరికి తెలుగు వచ్చింది. వచ్చింది గానీ ఒత్తులు సగం ఊడాయి. ‘ఇటుక బట్టీ’ కాస్తా ‘ఇటుక బటీ’ అయింది. ‘అప్పు’లన్నీ ‘అపు’లయ్యాయి. అప్పుకి ఒత్తు పోయినా అప్పు పోదని మా ఆవిడ అప్పుడే తీర్మానించింది. ఆమె మాటే నిజమైంది.

ముప్పై మూడు పేర్లున్నాయి. ప్రతి పేరు ఎదురుగా ఇంత తీసుకున్నాం, ఫలానా తేదీన ఇచ్చేశాం అని ఉంది. ఒక పెదనాన్న గారు వడ్డీ వద్దన్నారని, అందుకు ధోవతుల చాపు పెట్టామని కూడా ఉంది. ఆఖరి పేరు మాత్రం వేరు. అది మా ఇల్లు కట్టిన మేస్త్రీది. పాలమూరు నుంచి వలస వచ్చిన మనిషి. 1995 ఉగాదికి ఊరెళ్లాడు, తిరిగి రాలేదు. ‘బాకీ 1,850. రెండుసార్లు కార్డు రాశాను. జవాబు లేదు. దొరికితే ఇవ్వాలి.’ కింద ఊరి పేరు. మహబూబ్‌నగర్ జిల్లా అని ఉంది. వెతికితే ఆ ఊరు ఇప్పుడు, 2019 నుంచి, నారాయణపేట జిల్లాలో ఉంది.

నూటికి రూపాయి వడ్డీ చొప్పున, గుండుగుత్తగా ముప్పై ఏళ్లకి మా ఆవిడ కాగితం మీద లెక్క వేసింది. అసలు 1,850, వడ్డీ 6,660, మొత్తం 8,510. నాలుగొందలకి అమ్ముడుపోవాల్సిన డబ్బా అంత బాకీ చూపించింది. ఆ సొమ్ము పూజగదిలో డబ్బాలో వేరుగా కట్టిపెట్టింది. ఈ అప్పు తీరేదాకా కంప్యూటర్ కదలడానికి వీల్లేదని ఖరాఖండీగా చెప్పింది. అమ్మాయి హార్డ్‌డిస్క్‌ని మళ్లీ లోపల బిగించి వెళ్లింది.

వచ్చే శనివారం పొద్దున్నే ఎంజీబీఎస్‌లో నారాయణపేట బస్సెక్కుతున్నాను. మేస్త్రీ ఉంటే అతనికి, లేకపోతే పిల్లలకి. ఎవరో ముసలాయన వచ్చి ముప్పై ఏళ్ల కిందటి కూలి డబ్బులిస్తానంటే వాళ్లు నమ్ముతారా అన్నది నా దిగులు. ఒత్తులన్నీ నేనే చేత్తో దిద్ది ఆ పేజీ ప్రింటు తీయించాను. అది చాలదంటోంది మా ఆవిడ. సీపీయూని కూడా పట్టుకెళ్లమంటోంది, సాక్ష్యానికి.