లంకలో చప్టా సంగతి ఉపగ్రహానికేం తెలుసు!

విజయవాడలో ఓ ఇంజినీరింగ్ కాలేజీ. ఆదివారమైనా కంప్యూటర్ ల్యాబ్‌లో సగానికి పైగా కుర్చీలు నిండాయి. ‘మ్యాపథాన్ పెట్టాం, అందరూ కూర్చుని పటం గీస్తారు, ఓసారి చూసిపోండి’ అని అక్కడ పాఠాలు చెప్పే మిత్రుడు పిలిస్తే వెళ్లాను.

పిల్లలు తెరమీది ఉపగ్రహ చిత్రంలో ఇంటి కప్పు నాలుగు మూలలా మౌస్‌తో నొక్కుతున్నారు. ‘క్యూ’ మీట నొక్కగానే వంకర గీతలు మూలమట్టం పెట్టినట్టు తిన్నగా అవుతున్నాయి. సేవ్ చేస్తే ఆ ఇల్లు ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లోకి ఎక్కినట్టే. 2004లో బ్రిటన్‌లో స్టీవ్ కోస్ట్ మొదలుపెట్టిన ఈ పటాన్ని ఎవరైనా గీయొచ్చు, ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు.

ఆపదల్లో ఈ పటం అక్కరకొచ్చింది. 2010 జనవరిలో హైతీని భూకంపం కూల్చాక దేశదేశాల వాలంటీర్లు ఇళ్లలో కూర్చునే రాజధాని వీధులు గీసిచ్చారు. సహాయ బృందాలు ఆ పటాన్నే జీపీఎస్‌లలో వేసుకుని తిరిగాయి. నేపాల్‌లో మాత్రం 2015 ఏప్రిల్ 25 నాటి భూకంపానికి ముందే ఖాట్మండు లివింగ్ ల్యాబ్స్ అనే సంస్థ ఖాట్మండు లోయలోని బడులనూ ఆసుపత్రులనూ పటమెక్కించి ఉంచింది. నన్నడిగితే హైతీ కంటే నేపాలే మేలైన పాఠం. ఆపదొచ్చాక పరుగెత్తుకొచ్చేవాళ్లకు కొదవుండదు. ఏ ఆపదా లేని ఆదివారం పూట కూర్చుని కప్పులు గీసేవాళ్లే కరువు.

ఈ ల్యాబ్‌లో పిల్లలు గీస్తున్నవి ప్రకాశం బ్యారేజీకి దిగువనున్న లంక గ్రామాలు. 2024 సెప్టెంబరులో బ్యారేజీకి 11.43 లక్షల క్యూసెక్కులొచ్చినప్పుడు నీట మునిగిన ప్రాంతమిది. దాన్ని గళ్లుగా కోసి తలా ఒకటి పంచారు. ఒకరి చేతిలో ఉన్న గడిని ఇంకొకరు ముట్టుకోలేరు. గీయడం పూర్తయ్యాక చెయ్యి తిరిగినవాళ్లు సరిచూస్తారు.

ఓ కుర్రాడు వరసగా ఇళ్లు గీసేస్తుంటే పక్కనున్న అమ్మాయి ఆపింది. ‘అది ఇల్లు కాదు, గడ్డివాము’. ఆమె అమ్మమ్మగారిది లంక. తర్వాత ఒక తెల్లటి గీత మీద వేలు పెట్టి, ‘ఇది రోడ్డే గానీ చప్టా అండీ. ఏటికి నీళ్లొస్తే ముందు మునిగేది ఇదే’ అని నాకు చూపించింది. రేవు పేరు కోసం మావయ్యకు ఫోన్ చేస్తే ఆయన పేరుతో ఆగలేదు. వరదొస్తే గొడ్లను తోలుకెళ్లే మెరక ఎక్కడుందో కూడా చెప్పాడు. అమ్మాయి నోట్‌బుక్కులో రాసుకుంది.

కప్పుల్ని గుర్తుపట్టే పని ఇప్పుడు యంత్రాలే చేస్తున్నాయి. గూగుల్, మైక్రోసాఫ్ట్ కోట్ల కట్టడాల ఆకారాలను ఉచితంగానే పెట్టాయి. చప్టా సంగతి చెప్పాల్సింది మాత్రం ఆ మావయ్యే. కాకపోతే, ఆయన్ని అడిగేవాళ్లేరి?

ఖాతా తెరవడానికి ఒక ఈమెయిల్ చాలు. పేర్లు తెలుగులోనే రాయొచ్చు. మీ ఊరి చప్టా, రేవు, ఎంత వరదొచ్చినా మునగని బడి ఎక్కడున్నాయో వచ్చే వానాకాలంలోపు పటమెక్కించండి.